జానెడు ప్లాస్టిక్ పైపు

"ఆవిడ చేతికి ఒక బేడీ వేస్తే రెండోది నా చేతికి వెయ్యాల్సి వస్తుంది కాప్టెన్. ఇద్దర్నీ కలిపి తీసుకుపో" అన్నాను.

ఎర్లాన్ నవ్వాడు. రాజధాని పోలీసాఫీసు వాళ్లంతా ఒకేలా నవ్వుతారు, మనమేదో గొర్రెల కొట్టంలోంచి లేచి వచ్చినట్టు. "మేజర్ ఎజే, మీకెందుకంత ఉడుకు? ముసలమ్మ కరెంటు దొంగ. ఆ దొంగ కరెంటు పైపులోకి పాకి కింద వాటాలో మనిషిని చంపింది. ఇందులో మీరు ఛేదించే రహస్యం ఏముంది?"

ఎజే అంటే అక్క, పిలుపు మాత్రం మర్యాదే. బేడీలు తోలు జాకెట్ జేబులో పడేసుకున్నాడు. అంతవరకు బతికాం.

జరిగింది చూస్తే వాడన్నట్టే ఉంది, అదీ నా బాధ. కింద వాటాలో ఒరోజ్, ఇంటింటికీ తిరిగి మీటర్లు తనిఖీ చేసే ఉద్యోగి, ఈ పొద్దున స్నానాలగదిలో కుళాయి మీద చెయ్యి వేసింది వేసినట్టే పోయాడు. సరిగ్గా అతని నెత్తిమీద వాటాలో జూరా, పెద్దావిడ కనక మా అందరికీ అపా. ఆరు శీతాకాలాలుగా తన హీటర్ తీగ ఒకటి కరెంటుకి, రెండోది నీళ్ల పైపుకి కట్టి వెచ్చగా బతుకుతోంది. కరెంటు వచ్చిన దారిన వెనక్కి వెళ్లాలి కదా, ఆ వెనక్కి వెళ్లేది మీటరు గుండా కాకుండా పైపులోంచి భూమిలోకి పోతుంది. మీటరు చక్రం కదలదు. మా వీధిలో ఈ విద్య తెలియని ముసలివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రాజధాని నుంచి మా నారిన్‌కి మంచులో ఐదు గంటల దారి, ఎర్లాన్ తొమ్మిదిన్నరకే వచ్చి దిగాడు. పక్క ఊళ్లో వేరే పని మీద ఉన్నాడు కాబోలనుకుని అడగలేదు. అది నా తెలివితక్కువతనం. రెండింటికి వాన్ వస్తుందనీ, అపాని ఎక్కించి పంపమని తమ కర్నల్ ఆర్డరనీ కాగితం చూపించాడు. ఇప్పుడు పదకొండు నలభై.

"ఒరోజ్ భార్య చెప్పిన టైములన్నీ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఒక్కసారి చదువు" అన్నాను.

"పోయినవాడు ఎన్నింటికి పోతే ఏంటి ఎజే? పోయాడుగా" అని సిగరెట్ తీసుకుని మెట్ల మీదికి పోయాడు. "మీ ఊరి కబుర్లు అయ్యాక పిలవండి."

తలుపు దగ్గరికి వేసి అపా ఎదురుగా కూర్చున్నాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి. చలికి కాదు, భయానికి వణుకుతోంది.

"అపా, పొద్దున లేచినప్పటి నుంచి చెప్పు. చిన్నదే కదా అని ఏదీ వదలకు."

"ఏం చెప్పను బిడ్డా. దొంగతనం చేశాను. బొగ్గు కొనే ఓపిక లేక చేశాను. ఆ తీగ నా ముసలాడు కట్టి, నా మెడకి చుట్టి, తను హాయిగా పోయాడు."

"ఆ సంగతి నాకొద్దు. ఎన్నింటికి లేచావు?"

"ఆరుంబావుకి. ఆరు నుంచి ఏడు దాకా మా వీధికి కరెంటు తీసేస్తారుగా, చీకటి. మొహం కడుక్కుందామని కుళాయి తిప్పితే చుక్క నీళ్లు లేవు."

"కరెంటు కోతతో పాటు నీళ్లు కూడా పోతాయా?"

"ఎప్పుడూ పోలేదమ్మా, అదే వింత. ఏడింటికి పది నిమిషాలుందనగా గుడగుడమంటూ వచ్చాయి. ఏడింటికి కరెంటొచ్చింది. బల్బు వెలిగింది. హీటర్ మాత్రం వెలగలేదు."

నా పెన్ను ఆగిపోయింది. "మళ్లీ చెప్పు."

"ఎర్రబడలేదు బిడ్డా. ప్లగ్గు నొక్కాను. ఒక తన్ను కూడా తన్నాను. రాయిలా చల్లగా కూర్చుంది. సరే టీ పెట్టుకుందామని కుళాయి పట్టుకుంటే చురుక్కుమని కొట్టింది. ఎన్నడూ అలా కొట్టలేదు. ఇంతలోనే కింద ఒరోజ్ పెళ్లాం గుల్బారా కేక."

"కాళ్లకేం వేసుకున్నావప్పుడు?"

"ఇవేగా" అని కాళ్లు చూపించింది. రెండు వేళ్ల మందం ఉన్న పొడి ఉన్ని బూట్లు. అవి లేకపోతే ఇవాళ పెరట్లో శవాన్ని ఉంచే గుడారాలు, మా యుర్త్‌లు, రెండు వెయ్యాల్సి వచ్చేది.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నన్ను అంత దూరం తీసుకెళ్తే మళ్లీ రాను బిడ్డా. నాకు తెలుసు. అక్కడ చస్తే తెచ్చి నా ముసలాడి పక్కన పెట్టించు. నేను దొంగనే, కానీ ఒరోజ్‌ని చంపలేదు. వాడు నా తీగ సంగతి తెలిసి కూడా ఏనాడూ రాసుకోని మంచివాడు."

లేచి ధడాలున తలుపు తీశాను.

"ఎర్లాన్! హీటర్ వెలగలేదట!"

"అయితే?"

"అయితే ఏంట్రా నాయనా! ఆరేళ్లుగా వెలిగిన హీటర్ ఇవాళే వెలగలేదంటే, వెనక్కి పోయే దారి ఎవడో తెంచాడు. పైపు ఎక్కడో కోసి అడ్డం పెట్టారు. అందుకే గంటసేపు నీళ్లు లేవు. కరెంటు కోత టైములోనే కోశారు, తమకి షాక్ కొట్టకుండా."

"దారి తెగితే కరెంటు పారదు. పారకపోతే వాడెలా చచ్చాడు?" తెలివైన ప్రశ్నే వేశాడు, ఒప్పుకోవాలి.

మా నాన్న స్తంభాలెక్కే లైన్‌మన్. చిన్నప్పుడు నాకు చెప్పినట్టే వాడికీ చెప్పాను. "మందని కొట్టంలోకి తోలి గేటు మూశావనుకో. ఒక్క గొర్రె కదలదు. అలాగని వెనక నుంచి తోపు ఆగుతుందా? ఆ తోపే వోల్టేజి. గొర్రెలు పారితే అది కరెంటు. గేటు బిగువే నిరోధం. దారి బాగున్నన్నాళ్లూ తోపంతా హీటర్ దగ్గరే ఖర్చయ్యేది, పైపు మీద ఏమీ మిగిలేది కాదు. దారి తెంచాక పైపు మొత్తం రెండొందల వోల్టుల తోపుతో కాచుక్కూర్చుంది. తడి కాళ్లతో ఒరోజ్ వచ్చి ముట్టుకున్నాడు. గేటు తెరుచుకున్నట్టయింది. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములుంటే పారేది ఆంపియర్‌లో ఐదో వంతు. పడగ్గది బల్బు తాగేంత. గుండె ఆగడానికి అది చాలు, ఇంకా ఎక్కువే."

వాడు సిగరెట్ నలిపేశాడు. "ఐదు నిమిషాలిస్తున్నాను. పైపు కిందికి దిగేది సెల్లార్‌లోకేగా, చూద్దాం పదండి. ఏమీ దొరక్కపోతే ఇక మాట్లాడకూడదు."

వచ్చేముందు అపాని వంటగదిలో పెట్టి తాళం వేశాడు. హీటర్ ప్లగ్గు తీసేద్దామంటే ఒప్పుకోలేదు. "నిపుణుడు వచ్చి కొలిచేదాకా అది సాక్ష్యం. ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు."

సెల్లార్ తాళం ఈ వాటాల కమిటీ పెద్ద కాలిస్ దగ్గర ఉంది. పెరట్లో యుర్త్ నిలబెట్టిస్తున్నవాడు మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. గేటులోంచి పరామర్శకి వచ్చే మగవాళ్లు మా ఆనవాయితీ ప్రకారం నడుం పట్టుకుని బిగ్గరగా ఏడుస్తూ వస్తున్నారు. యుర్త్ లోపలి నుంచి ఆడవాళ్ల శోకాలు. ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు.

"తప్పకుండా చూడండి ఎజే" అంటూ కాలిస్ తోలు చేతితొడుగులు తొడుక్కుని, చెక్క పలక మీద నిలబడి ఇనుప తలుపు లోపలికి తోశాడు. "లోపల బల్బు పోయింది. లాంతరు తెస్తాను."

మేం నాలుగు మెట్లు దిగాం. టార్చి వేశాను. వెనకాల తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడైంది.

"గాలికి పడిందేమో" అన్నాడు ఎర్లాన్.

"గాలికి గడియ కూడా పడుతుందా తమ్ముడూ?"

వాడు రెండంగల్లో మెట్లెక్కి తలుపు మీద పడబోయాడు. నేను వాడి కాలరు పట్టుకుని వెనక్కి లాగిన లాగుడికి ఇద్దరం మెట్ల కింద నీళ్లలో కూలబడ్డాం.

"పిచ్చా మీకు!"

"ఆ తొడుగులెందుకు వేసుకున్నాడు కాలిస్? అరచేతులతో యుర్త్ కర్రలు మోసినవాడు తలుపు తియ్యడానికి తొడుగులెందుకు వేసుకున్నాడు?"

టార్చి పైకి తిప్పాను. తలుపు పక్కగా పైకి పోతోంది నీళ్ల పైపు. దాన్ని కదలకుండా పట్టి ఉంచే ఇనుప పట్టీ తలుపు చట్రానికే వెల్డింగ్ చేసి ఉంది. నడుమెత్తులో పైపుని జానెడు మేర కోసేసి, ఆ ఖాళీలో తెల్లటి ప్లాస్టిక్ ముక్క బిగించారు. కోసిన అంచులు కొత్తగా మెరుస్తున్నాయి. హడావుడి పని, కీలులోంచి నీళ్లు కారి నేలంతా మడుగైంది.

జేబులోంచి టెస్టర్ తీసి, నా రబ్బరు తొడుగుల బూట్లతో పొడి మెట్టు మీద నిలబడి తలుపుకి ఆనించాను. చిన్న దీపం ఎర్రగా వెలిగింది. ప్లాస్టిక్‌కి పైన పైపుకి పెట్టాను, వెలిగింది. కింది పైపుకి పెట్టాను, వెలగలేదు.

"చూశావా నీ సాక్ష్యం?" అన్నాను. "నువ్వు ప్లగ్గు పీకనివ్వని హీటర్ గుండానే ఈ తలుపులోకి తోపు వస్తోంది. నువ్వు దీన్ని ముట్టుకుని చస్తే ఆ నేరం కూడా అపా మీదికే పోతుంది. కాలిస్ తల మీద వెంట్రుక కూడా కదలదు."

వాడి మొహంలో రంగు మారింది. ఫోన్ తీశాడు, సిగ్నల్ లేదు. తర్వాత ఇద్దరం గొంతులు చించుకుని అరిచాం. "ఎవరైనా ఉన్నారా! తలుపు తియ్యండి!" పైన ఆడవాళ్ల శోకం ఒక్క క్షణం ఆగి, మరింత గట్టిగా మొదలైంది.

నాకు నవ్వో ఏడుపో తెలియనిది వచ్చింది. "ఆపు ఎర్లాన్. పరామర్శకి ఇంకెవరో ఏడుస్తూ వస్తున్నారనుకుంటున్నారు. ఇవాళ ఈ ఇంట్లో మనం ఎంత అరిస్తే అంత మర్యాద."

వాడు మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడే ఇద్దరం ఒకేసారి గమనించాం. బయట మైనస్ ఇరవై. ఇక్కడ చెమట పడుతోంది. మూలన పలకల గోడ వెనక ఏదో రొద. సందులోంచి టార్చి కొట్టి చూశాను. అరల నిండా బిట్‌కాయిన్ తవ్వే యంత్రాలు, ఫ్యాన్లు తిరుగుతూ. చేతి మణికట్టంత కేబులు, మీటర్లకి అవతలి నుంచి నేరుగా స్తంభం నుంచి దిగింది.

"ఒరోజ్ ఇది కనిపెట్టాడు" అన్నాను. "ముసలమ్మ హీటర్‌ని చూసీ చూడనట్టు వదిలేసినవాడు దీన్ని వదల్లేదు. అందుకే చచ్చాడు."

టైము పన్నెండుంబావు. సాయంత్రం ఆరు దాకా కరెంటు కోత లేదు. రెండింటికి వాన్ వస్తుంది. అపా వంటగదిలో తాళంలో ఉంది, వాన్ వాళ్లు తాళం బద్దలుకొట్టి తీసుకుపోతారు. సాయంత్రానికి కాలిస్ ఈ ప్లాస్టిక్ ముక్క తీసి ఇనప ముక్క పెట్టేస్తాడు. ఇక మా శవాలు తప్ప ఇక్కడ ఏమీ దొరకదు. నా ఊపిరి నాకే బరువైంది. ఈ గోడల మధ్య అరగంట ఉంటే బుర్ర పనిచెయ్యదని తెలుసు.

"తలుపు బందులు లోపలివైపే ఉన్నాయి" అన్నాడు ఎర్లాన్ నెమ్మదిగా. "సీలలు కొట్టేస్తే తలుపు ఊడొస్తుంది. ముట్టుకోగలిగితే కదా."

ఆ మాటతో నాకు వెలిగింది. "బేడీలు ఇటివ్వు."

"ఏం చేస్తారు?"

"తెగిన దారి అతికిస్తాను. ఈ కొస కింది పైపుకి, ఆ కొస పై పైపుకి. కరెంటు బేడీల్లోంచి భూమిలోకి పోతుంది. పైన అపా హీటర్ ముప్పై ఓములు, బేడీలు దాదాపు సున్నా. తోపంతా హీటర్ దగ్గరే ఖర్చవుతుంది. తలుపు మీద మిగిలేది ఏమీ ఉండదు."

"పేలదా?"

"మధ్యలో హీటర్ నిరోధం అడ్డుంది. ఏడు ఆంపియర్లకి మించి పారదు. పైన అపాకి వెచ్చబడుతుంది, అంతే."

కింది పైపుకి మొదటి బేడీ తగిలించాను. నా ఉన్ని టోపీ చేతికి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, రెండోది పై పైపు మీదికి వేశాను. టప్పున నీలి నిప్పురవ్వ లేచింది. బేడీలు పైపుకి వదులుగా ఉన్నాయి, ఊగితే మళ్లీ దారి తెగుతుంది. మూలన పడున్న పొడి పార కర్రని గొలుసులో దూర్చి మెలిపెట్టి బిగించాను. టెస్టర్ తలుపుకి పెట్టాను. చీకటి.

"నేను పట్టుకుంటాను, మీరు కొట్టండి" అన్నాడు.

"నా భుజానికి అంత బలం లేదు. నీ బూట్లు తడి, నేను వదిలితే చచ్చేది నువ్వు. అయినా నువ్వే కొట్టాలి."

వాడు నన్ను చూశాడు. పొద్దున్నుంచి నన్ను ముసలి గొర్రెలకాపరిలా చూసినవాడు. "వదలరుగా ఎజే?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"నోర్మూసుకుని కొట్టు."

కాలిస్ వదిలేసిన పైపు రెంచి తీసుకుని కళ్లు మూసుకుని తలుపు మీద చెయ్యి వేశాడు. ఏమీ కాలేదు. గట్టిగా ఊపిరి వదిలి మొదటి సీల మీద కొట్టాడు. గొలుసు గోరువెచ్చగా తగులుతోంది. మనసు మళ్లించుకోడానికి మాట్లాడుతూనే ఉన్నాను.

"పనివాడే ఆ కాలిస్. టైము ఎంత బాగా కట్టాడు చూడు. ఆరింటికి కోత. ఏడింటికి కరెంటు. ఒరోజ్ రోజూ ఏడూ ఐదుకి నమాజుకి కడుక్కుంటాడని ఇల్లంతటికీ తెలుసు. ఏడూ ఐదుకి పోయాడు."

రెంచి ఆగింది.

"కొట్టవేంట్రా!"

"ఎన్నింటికి పోయాడన్నారు?"

"ఏడూ ఐదు. నోట్‌బుక్‌లో ఉంది, చదవమంటే చదివావా?"

వాడు తలుపుకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. "పొద్దున పోయాడు పొద్దున పోయాడు అంటుంటే ఏ మూడింటికో అనుకున్నాను. ఎజే... నేను రాజధానిలో నాలుగున్నరకి బయల్దేరాను. మంచులో దొలోన్ కనుమ దాటి ఐదు గంటలు నడిపాను. నాలుగింటికి కర్నల్ గారు స్వయంగా ఫోన్ చేసి లేపారు. కరెంటు దొంగతనం వల్ల నారిన్‌లో మనిషి పోయాడు, ముసలమ్మ పేరు జూరా, రెండింటికల్లా వాన్ ఎక్కించమన్నారు."

నాలుగింటికి ఒరోజ్ భార్య పక్కన నిద్రపోతున్నాడు. పైపు ఇంకా కొయ్యలేదు.

ఈ యంత్రాలు కాలిస్‌వి కావు. వీటి యజమాని వేరే కుర్చీలో ఉన్నాడు.

"నన్ను కూడా చంపమన్నాడా?" అన్నాడు ఎర్లాన్. గొంతులో పౌరుషం లేదు, నొప్పి ఉంది. "పదకొండేళ్లు ఆయన దగ్గర చేశాను. నా పిల్లకి పేరు పెట్టింది ఆయనే."

"నువ్వు సెల్లార్ చూడనంత వరకూ నీకు భయం లేదు. చూశావు. కొట్టు తమ్ముడూ, నా చేతులు పట్టు తప్పుతున్నాయి."

ఆ తర్వాత వాడు కొట్టిన దెబ్బలు వేరు. రెండో సీల మూడు దెబ్బలకే ఊడింది. తలుపు ఒక పక్కకి ఒరిగి, వాడి భుజం మీద పడి, మెట్ల మీదికి జారింది. వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. వాడు బయటికి దూకి పలక మీద నిలబడ్డాక కర్ర వదిలి నేనూ ఎక్కాను. గొలుసు సడలి వేలాడింది. కనబడిన మొదటి మనిషిని ఆ గుమ్మం దగ్గర నిలబెట్టి, ఎవరూ ఆ చట్రాన్ని ముట్టుకోకుండా చూడమన్నాను.

పన్నెండు యాభై. పెరట్లో పరామర్శలు అలాగే సాగుతున్నాయి. యుర్త్ దగ్గర టీ గిన్నెలు అందిస్తున్న కాలిస్ మమ్మల్ని చూశాడు. చేతిలో గిన్నె కింద పడింది. ఫోన్ చెవికి పెట్టుకుని గుంపులో కలిసిపోయాడు. వాడి వెంట పడబోతే ఎర్లాన్ నా చెయ్యి పట్టి ఆపాడు.

"రెండు నిమిషాలు ఆగండి. వాణ్ణి మాట్లాడనివ్వండి" అన్నాడు. ఆగాక స్పీకర్ పెట్టి కర్నల్‌కి ఫోన్ చేశాడు.

"సార్, ఎర్లాన్‌ని. వాన్ గురించి అడుగుదామని."

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఎర్లాన్..." అన్నాడు కర్నల్. "తలుపు ఎవరు తీశారు?"

ఎర్లాన్ కళ్లు మూసుకున్నాడు. "ఏ తలుపు సార్?" అన్నాడు.

లైన్ తెగిపోయింది.

మేం ఇద్దరం పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వంటగది తాళం తీశాం. అపా చన్నీళ్ల గిన్నె ముందు ముడుచుకుని కూర్చుంది. గోడ అవతలి హీటర్ కాసేపు కిటకిటమని వేడెక్కి మళ్లీ ఆరిపోయిన చప్పుడు విన్నానని చెప్పబోయింది. నేను ప్లగ్గు పీకేసి, ఆవిడకి కోటు తొడుగుతున్నాను.

"ఇంక నేను వెళ్లక్కర్లేదా బిడ్డా?"

"నువ్వు చంపలేదు అపా. రుజువు దొరికింది. నీ పక్కన నేనున్నాను" అన్నాను.

ఎర్లాన్ కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. కింద గేటులోంచి వాన్ వస్తోంది. రెండింటికి రావాల్సింది, గంట ముందే వచ్చింది. యుర్త్ దగ్గరి జనం పక్కకి తప్పుకున్నారు. కాలిస్ వాన్ పక్కన నడుస్తూ మా కిటికీ వైపు చెయ్యి చూపిస్తున్నాడు. వెనక తలుపులు తెరుచుకున్నాయి.

ఎర్లాన్ తుపాకీ ఒరలోంచి తీసి అపాకీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు.

"ఎజే" అన్నాడు మెల్లగా, "ఒక్క ముసలావిడని తీసుకుపోవడానికి ఆరుగురు దిగారు."